జాకెట్ కింద పుస్తెలు

ఆ ఆదివారానికి మా పెళ్లయి యాభై ఎనిమిది రోజులు. లెక్కపెట్టుకోవడం నాకింకా మానాలనిపించడం లేదు. సూరత్‌లో మేముండే బమ్రోలి నుంచి రైఫిల్ క్లబ్బుకు షేర్ ఆటోలో వెళ్తుంటే నా బూట్ల సంచిని ఉమాకాంత్ ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాడు. దారంతా నవ్వుకోవడానికి నాకు అదొక్కటే చాలు.

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో రైఫిల్ పట్టాను. పెళ్లితో అది అయిపోయిందనుకున్నాను. ఇక్కడ ఈ క్లబ్బును వెతికిపెట్టింది ఉమాకాంతే. ఆరోజు సెలక్షన్. అరవై గుండ్లు. మొదటి నలుగురు అమ్మాయిలు రాష్ట్ర పోటీకి అహ్మదాబాద్ వెళ్తారు. ఆ నలుగురిలో ఉండాలని నాకెంత ఆశో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అత్తమ్మ వజ్రమ్మ కూడా చూడ్డానికి వచ్చింది. పక్క అమ్మాయి మొదటి గుండు కొట్టగానే వెనక కుర్చీలోంచి అంది, "గింతేనా చప్పుడు? మన కుక్కరే నయం."

"అది గాలి తుపాకి అమ్మా. చుప్ కూసో," అన్నాడు ఉమాకాంత్.

పోటీకి ముందు లెక్కలోకి రాని గుండ్లకు పదిహేను నిమిషాలిస్తారు. నావన్నీ ఎడమకు పోతున్నాయి. ఆరోజే కోచ్ మేడం తన మందపాటి బిగుతు షూటింగ్ జాకెట్ నాకు ఇచ్చింది. వదులు టీషర్టుతో సాధన చేసినన్నాళ్లూ తెలియలేదు కానీ, జాకెట్ బిగించేసరికి పుస్తెలు భుజం దగ్గరికి జరిగి రైఫిల్ కింద గుచ్చుకుంటున్నాయి.

"ఉతార్ దో, బేటా," అంది మేడం మెల్లగా.

చెయ్యి మెడదాకా వెళ్లి ఆగింది. తీస్తే అత్తమ్మ ఏమనుకుంటుందో. తీయకపోతే అహ్మదాబాద్ లేదు. ఐదు నిమిషాలే మిగిలాయి. రైఫిల్ దించి అత్తమ్మ దగ్గరికే వెళ్లి చెప్పాను.

"గింతదానికి గంత మొకమేందే? జర తిరుగు."

జాకెట్ విప్పించి, తాడును వీపు మీదికి తిప్పి, తన కొంగుకున్న పిన్నీసు తీసి టీషర్టుకు గుచ్చింది. "నూలు కండెలు చుట్టే మిషిన్ల చిక్కుతదని ఇరవై ఏండ్లు గిట్లనే ఏసుకున్న. మీ మామకేమన్న అయిందా? పప్పుల ఉప్పెక్కువైందని ఇయ్యాల గుడ లొల్లి పెట్టిండు. పో, బిడ్డా."

ఆ తర్వాత గుండ్లు నడిమికి రావడం మొదలైంది. అన్నీ కాదు. ముప్పై ఏడోది దారుణంగా పోయి పదికి ఏడే తెచ్చింది. వీపు మీద ఆ చిన్న బరువు తెలుస్తుంటే ఊపిరి సర్దుకుని మళ్లీ గురిచూశాను.

మేడం బోర్డు మీద రాసింది. ఐదో అమ్మాయికి ఐదు వందల యాభై తొమ్మిది. దాని పైన, ఐదు వందల అరవై ఒకటి, కరుణ. నా పేరు నేనే మూడుసార్లు చదువుకున్నాను. అత్తమ్మ కాళ్లకు మొక్కబోతే జాకెట్ వంగనివ్వలేదు. ఆమె నవ్వి, నా నెత్తిన చెయ్యి పెట్టింది.

"మూడు రోజులు. ఇంట్లోంచి ఒకరు తోడు రావాలి," అంది మేడం హిందీలో.

"నేను పోత," అన్నారు తల్లీకొడుకులిద్దరూ ఒకేసారి.

ఉమాకాంత్ నసిగాడు. "అమ్మా, మేమింకా యాడికీ పోలే."

అత్తమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సరే, ముగ్గురం పోదాం. రైల్ల నేను ఏరే డబ్బాల కూసుంట తియ్."