పొడిగానే ఉంది

భార్యకి రెండు కిడ్నీలూ పోయి మూడేళ్ళయింది. వారానికి మూడు రోజులు డయాలసిస్. మిషన్ సూదులు పెట్టడానికని చేతికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు, పనికి రాలేదు. మెడలో కుడివైపు పెట్టిన గొట్టం ఏడాదికే మూసుకుపోయింది. ఇప్పుడున్నది ఎడమవైపుది. అది ఛాతీ మీద బయటికొచ్చే చోట పట్టీ ఉంటుంది. దానికి నీళ్ళు తగలకూడదని నర్సు మొదటి రోజే చెప్పింది. అప్పట్నుంచి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలితే భర్త చెంబుతో తల మీద పోస్తాడు. మిగతా ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకుంటుంది.

భర్తకి బస్టాండు వెనక పంక్చర్ల షాపు ఉంది.

ఆసుపత్రిలో పక్క మంచం మీద రిటైరైన టీచరమ్మ ఒకామె మిషన్ నడిచినంతసేపూ బైబిలు వాక్యం పైకి చదివేది. మొదట్లో భార్య మొహం గోడవైపు తిప్పుకునేది. తర్వాత్తర్వాత "ఆ ముక్క మళ్ళీ చదవండి టీచరమ్మా" అనడం మొదలుపెట్టింది. టీచరమ్మ పోయింది. నెల తిరక్కుండా ఈవిడ బాప్తిస్మం తీసుకుంటానంది.

"తీసుకో. నయమైతే చెప్పు, ఆ నీళ్ళు సీసాల్లో పట్టి షాపులో అమ్ముతా" అన్నాడు భర్త.

"నయమవుతుందని ఎవడన్నాడయ్యా నీతో? లాభం లేకపోతే గుమ్మం దిగవు నువ్వు. అందరూ నీలాగే ఉంటారా?"

గొట్టం సంగతి విన్న పాస్టరు, "మీకు నీళ్ళు చల్లితే చాలమ్మా" అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి ఏడ్చింది. అందరిలాగే మునగాలని ఆవిడ కోరిక.

"ఏడవకే. నేను వేస్తా అతుకు" అన్నాడు భర్త. "లారీ ట్యూబులకే ఇరవై ఏళ్ళుగా వేస్తున్నా. నీ పట్టీ ఎంత?"

డాక్టర్ని అడక్కుండానే, ఆయన ఒప్పుకున్నాడని ఇద్దరూ పాస్టరుకి చెప్పారు.

ఆదివారం పొద్దున భర్త కొత్త ట్యూబులోంచి అరచేయంత ముక్క కోశాడు. పట్టీ మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద రబ్బరు. అంచుల్ని సొల్యూషన్‌తో ఒంటికే అంటించాడు.

"మండుతోందా?"

"మండనీ. ఊడకుండా చూడు."

ప్రార్థన హాలు వెనక సిమెంటు తొట్టి ఉంది. పాస్టరు ఆవిడ వీపు కింద చెయ్యి వేసి వెనక్కి ముంచాడు. భర్త తొట్టి పక్కనే నిలబడ్డాడు. రబ్బరు పై అంచు దగ్గర ఒక బుడగ లేచింది. దాని వెనక ఇంకో మూడు. రోజూ ట్యూబుల్ని నీళ్ళలో ముంచి అతను వెతికేది వాటి కోసమే. ఆవిడ పైకి లేచి నవ్వింది. పెళ్ళినాడు కూడా అలా నవ్వలేదు. జనం పాట అందుకున్నారు. అతను నోరు విప్పలేదు.

ఇంటికొచ్చి రబ్బరు లాగాడు. దాంతోపాటు కాస్త చర్మం వచ్చింది. పట్టీ చెమ్మగా ఉంది.

"తడిసిందా?"

"పొడిగానే ఉంది" అని ఆవిణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తే చివాట్లు తప్పవు. మంగళవారం నర్సు ఎలాగూ పట్టీ మారుస్తుంది.

మంగళవారం మిషన్ పెట్టిన అరగంటకి మంచం కదిలేంత వణుకు వచ్చింది. జ్వరం నూట నాలుగు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్ళిందని గొట్టం తీసేశారు.

"మెడలో ఇక చోటు లేదు. తొడ మొదట్లో పెడతాం. అది ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు" అన్నాడు డాక్టరు. "నీళ్ళు తగిలాయా?"

భర్త తల అడ్డంగా ఊపాడు.

వారం రోజులు ఐసీయూ. వరండా బెంచీ మీద అతను తనలో తాను మాట్లాడుకునేవాడు. "బుడగలు చూశా. నోరు మూసుకున్నా. దాన్ని తీసుకెళ్ళకు." మూడో రోజుకి, ఎవరో వింటున్నారని అతనికి తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేడు. దానివల్ల నిద్రేమీ పట్టలేదు. చెప్పాల్సింది నాకొక్కడికే కాదు కదా అని ఆ వినేవాడు అంటున్నట్టుండేది.

వార్డులోకి మార్చిన రోజు భార్యకి చెప్పాడు. ఆవిడ సీలింగు వైపు చూస్తూ విన్నది.

"ఎన్ని వచ్చాయి?"

"నాలుగు."

"లెక్కపెట్టావన్నమాట."

"ప్రభువుని క్షమించమని అడిగానే."

"ఆయన క్షమిస్తాడులే, అది ఆయన పని. నన్ను తొందరపెట్టకు. ఆదివారం ప్రార్థనలో సాక్ష్యాలు చెప్తారుగా. లేచి చెప్పు. ఏదీ మింగకు."

నాలుగు ఆదివారాల తర్వాత ఆవిడ చక్రాల కుర్చీలో ప్రార్థన హాలుకి వచ్చింది. ఒకామె తలనొప్పి తగ్గిందని సాక్ష్యం చెప్పి కూర్చుంది. తర్వాత భర్త లేచాడు. అతుకు, బుడగలు, పొడిగానే ఉందన్న మాట, పాస్టరుతో, డాక్టరుతో ఆడిన అబద్ధాలు, అన్నీ చెప్పాడు. "నాలుగు బుడగలు" అన్న చోట వెనక వరసలో ఎవరో అలవాటుగా "స్తోత్రం" అన్నారు.

ఆ తర్వాత తనకీ బాప్తిస్మం కావాలని అడిగింది అతనే. తొట్టిలో నడుంలోతు నీళ్ళలో పాస్టరు అడిగాడు, "నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నా."

"పాస్టరు గారూ" అంది భార్య గట్టుమీంచి, "కాసేపు లోపలే ఉంచండి."

ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పాస్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భర్తే మోకాళ్ళు వంచి నీళ్ళలోకి దిగాడు.