ఆరు ముఖాల పరీక్ష

సాయంత్రం క్లాసులో 'సంతోషం' చూపించి, నవ్వు తీసేయబోతే ముఖం మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. బల్ల మీద పెడతాను. ఇరవై రెండేళ్లుగా రోజూ ఆరు భావాలు చూపించిన ముఖం. దానికే మొహం మొత్తి ఉంటుంది. ఒకందుకు మేలే. మొహం పోయాక మొహమాటంలో మాట ఒక్కటే మిగులుతుంది.

ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు చదవడం నేర్పడం నా ఉద్యోగం. ఎదురుగా హైమవతి, ముప్పై ఒక్కేళ్లు. ఆరు ముఖాలూ గుర్తుపడితే సర్టిఫికెట్. అది ఇవాళ చూపిస్తేనే గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని ఆమెది. ఐదు అయ్యాయి. 'బాధ' దగ్గర రెండుసార్లు తప్పింది.

"ముఖం లేదు కదమ్మా, పరీక్ష ఎలా పెట్టేది?"

"లేకపోతేనే సులువండి మాస్టారూ. ఇన్నాళ్లూ అదే అడ్డమొచ్చింది."

ఆమె నా భుజాలు చూస్తుంది. కాళ్లు చూస్తుంది.

"మీరు అలిసిపోయారండి. మూత పెట్టిన పెన్నుకే మళ్లీ మూత పెడుతున్నారు. ఒక చెప్పు విప్పేశారు, రెండోది విప్పే ఓపిక లేదు."

"అలసట నా ఫొటో కార్డుల పెట్టెలో లేదమ్మా. ఉన్నవి ఆరే."

"పోయినసారీ అదే చెప్పానండి. అంతకు ముందూ అదే. మీరు తప్పు పెట్టారు."

పాత కాగితాలు తీస్తాను. కళ్లు బల్ల మీదున్నా కనిపిస్తూనే ఉంది. రెండింటి మీదా నేను వేసిన ఇంటు గుర్తులు. అవి మెల్లగా ఒక్కో కాలు మడుచుకుని టిక్కులవుతాయి. నిలబడి నిలబడి వాటికీ కాళ్లు లాగినట్టున్నాయి.

సర్టిఫికెట్ మీద సంతకం పెడతాను. "వెళ్లమ్మా, గ్రంథాలయం మూసేస్తారు."

"మరి వీళ్లో?" పెట్టె వైపు చూపిస్తుంది.

కార్డుల పెట్టెలోంచి ఆరు ఫొటోల మనుషులూ దిగుతారు. ముఖాలు తీసి నాదాని పక్కన పెట్టి, నా వెనక వరసలో నిలబడతారు. హైమవతి ఒక్కొక్కరి భుజాలు చూసి 'అలసట' అని రాసుకుంటుంది. ఎవరికీ తప్పు పెట్టదు.

బల్ల మీద ఏడు ముఖాలూ గురక మొదలుపెడతాయి. ఆమె ఫ్యాను తగ్గించి, నా రుమాలు వాటి మీద కప్పుతుంది. ఏడింటికీ సరిపోయి, ఇంకొకదానికి చోటు మిగులుతుంది.

"నువ్వెలా ఉన్నావమ్మా?" ఇన్నేళ్లలో మొదటిసారి అడుగుతాను.

హైమవతి నవ్వుతుంది. నేను నేర్పిన నవ్వే, మూడో పాఠం. నేను దాన్ని చూడను. ఆమె వేళ్లు చూస్తాను. చూపుడు వేలి గోరు గడ్డం కింద అంచు కోసం వెతుకుతోంది.

రుమాలు కొస పైకెత్తి పట్టుకుంటాను.