కీచురాళ్ల పిండి రుచి

కీచురాళ్లు పెరిగే కోడిగుడ్ల అట్టను రెండు చేతులా పట్టుకుని, పెట్టె మీద తలకిందులు చేసి దులిపాడు అతను. అవి జలజలా రాలాయి. నిన్న పొద్దుటి నుంచి మేత ఆపేశాడు కాబట్టి వాటి కడుపులు ఖాళీగా ఉన్నాయి. చల్లగదిలో పెడితే కాసేపట్లో నిద్రపోతాయి, మళ్లీ లేవవు. ఆ తర్వాత కడగడం, ఉడికించడం, ఆరబెట్టడం, మర ఆడించడం. చివర్లో పిండి జల్లించడం ఒక్కటే అతను మరొకరి చేతికివ్వని పని. అందుకే షెడ్డులో అందరికీ అతను జల్లెడ బాబాయి.

పదకొండేళ్లుగా ఇదే పని. ఎంత దులుపుకున్నా కనుబొమల్లో, చొక్కా కుట్లలో గోధుమరంగు పొడి మిగిలే ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్లకి గోడ మీది పట్టిక చూడకుండానే ఒప్పజెబుతాడు: నూరు గ్రాముల పిండిలో అరవై గ్రాముల మాంసకృత్తులు, పైగా ఇనుము, పీచు, బి పన్నెండు విటమిను.

నిన్న సాయంత్రం ఆ పాఠమే అక్కకీ ఒప్పజెప్పాడు. జ్వరం తగ్గి నెలైనా ఆవిడ కోలుకోలేదు. మాంసం నమలలేదు, పాలు ఇమడవు. రొయ్యలు పడనివాళ్లకి ఇదీ పడదంటూ ముందు ఆ సంగతి అడిగి, పడతాయన్నాక, ఈ పిండి జావలో కలిపి పెట్టమంది డాక్టరమ్మ. "ఏదో ఒకటి లోపలికి పోకపోతే మనిషి దక్కదు" అని గుమ్మం బయట నెమ్మదిగా చెప్పింది.

"పురుగుల పిండేగా?" అంది అక్క.

"కీచురాళ్లక్కా. శుభ్రమైనవి."

"నువ్వు తిన్నావా?"

అతను గోడకేసి చూశాడు.

"పదకొండేళ్లలో ఒక్క చిటికెడు నోట్లో వేసుకోలేదూ? అలాంటిది నాకు పెడతావురా!" నవ్వబోయి దగ్గింది. "ముందు నువ్వు తిని, రుచి చెప్పు. అప్పుడు చూద్దాం."

తిన్నాననేస్తే పోయేది. తల్లి పోయాక తనని ఎత్తి పెంచిన మనిషితో ఆ మాట అనలేకపోయాడు.

ఇవాళ జల్లెడ కింద రాలిన పిండిని వేలికొసన తీసుకుని అలాగే నిలబడ్డాడు. ఆరబెట్టే పొయ్యి చూసుకునే ఆవిడ, షెడ్డు మొత్తానికీ వదిన, అది గమనించింది.

"ఏంటి బాబాయ్, ఆముదం తాగబోయేవాడిలా ఆ మొహం? నేను రోజూ రొట్టెల పిండిలో గుప్పెడు కలుపుతా. మా ఇంట్లో వంక పెట్టినవాడు లేడు."

"మా అక్కకి రుచి చెప్పాలి."

నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఎలా ఉంది?"

"ఉండమ్మా. మాట దొరకనీ."

పని ముగిసేదాకా ఆ మాట కోసమే వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి జావ కాచి, రెండు చెంచాల పిండి కలిపాడు. మంచం పక్కన స్టూలు మీద గిన్నె పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"తిన్నానక్కా. వేయించిన వేరుశెనగల పొట్టులా ఉంది. చివర్లో కాస్త తడిమట్టి వాసన."

"అబద్ధమైతే ఇంకా బాగా చెప్పేవాడివి," అంది అక్క. నోరు తెరిచింది.

ఆరు చెంచాలు తాగించాడు. ఏడోది ఆవిడే అందుకుంది. "మట్టి వాసన నిజమేరా. పర్లేదు, బాగానే ఉంది." ఇంకో రెండు తాగి, గిన్నె అతని ముందుకు తోసింది. "ఇది నీది. తాగు."

"చొక్కా ఉతుక్కుని వస్తా."

పెరట్లో చొక్కా దులిపాడు, ఉతికాడు, తీగ మీద ఆరేశాడు. రేపు మూడు చెంచాలు కలపాలనుకున్నాడు. ఇలా తాగితే పదిహేను రోజుల్లో లేచి కూర్చుంటుంది. తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి అక్క గోడవైపు ఒత్తిగిలి ఉంది. పిలిచాడు. దగ్గరికి వెళ్లి పాదం ముట్టుకున్నాడు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. రెండోసారి పిలవలేదు.

దుప్పటి భుజం దాకా లాగి, ఇందాకటి చోటే కూర్చున్నాడు. గిన్నెలో జావ మీద పలచని పొర కట్టింది. చెంచా కాడ అతని వైపుకి తిప్పి ఉంది.