తడవని భుజం

చిట్టికి ఆ ఉదయం కాఫీ కూడా గొంతు దిగలేదు. చెప్పులు మార్చింది, మళ్ళీ పాతవే వేసుకుంది. బయల్దేరుతూ అట్టపెట్టె మూత తీసి తను చేసిన గ్రీటింగు కార్డులు చూసుకుంది, మెట్లు దిగుతూ మళ్ళీ తీసి చూసుకుంది. పెట్టెలో ఉన్నవి కాళ్ళొచ్చి ఎక్కడికీ పారిపోవని ఆమెకూ తెలుసు. అయినా చూడకుండా ఉండలేకపోయింది.

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని ఫోన్లెత్తే ఉద్యోగం. పంటినొప్పితో వచ్చేవాడు ఎదుటి మనిషి ముఖం చూసి సంతోషించడు గనక, ఆ ఉద్యోగంలో ఉత్సాహానికి చోటు తక్కువ. అందుకే సాయంత్రం అయ్యేసరికి ఆమె చేతులు ఊరుకునేవి కావు. పై అంతస్తులో తన ఇంటికి తాళం తీయకుండానే తిన్నగా కింద వదిన ఇంట్లో దూరి, భోజనాల బల్ల మీద సగం ఆక్రమించేది. రంగు కాగితాలు, జిగురు, గోళ్ళు తీసుకునే చిన్న కత్తెర, క్లినిక్కుకు వచ్చే పాత కవర్లు. ఆ కవర్ల లోపలివైపు నీలం గీతలుంటాయని, ఒక్కో కవరులో ఒక్కో తీరుగా ఉంటాయని ఎంతమంది గమనించి ఉంటారు? చిట్టి గమనించింది. ఆ గీతల్ని సన్నగా కత్తిరించి కార్డుల మీద వాన కురిపించేది, నది పారించేది, ఒకసారైతే ఏనుగునే తయారుచేసింది.

బల్లలో మిగతా సగం వదినది. వదిన సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి వచ్చి, అంతసేపు స్టీరింగు తిప్పిన చేతులతోనే మిషను మీద సంచులు కుడుతుంది. మిషను మీద కూర్చున్నా బస్సు మీదున్నట్టే ఉంటుంది ఆవిడ వరస: ఒకసారి బయల్దేరిందంటే చివరి స్టాపు దాకా మధ్యలో ఆపడం, వెనక్కి చూడడం ఉండదు.

ఇద్దరూ కలిసి మొదటిసారి ఒక అమ్మకపు బల్ల తీసుకున్నారు. లైబ్రరీ కింది హాల్లో ఆ ఆదివారం చేతిపనుల సంత. వదినకు అది సరదా. చిట్టికి మాత్రం చావోరేవో.

ఎందుకంటే ఇన్నేళ్ళలో చిట్టి కార్డుల గురించి ఎవరేమన్నా ఒక్కటే మాట. "బావుంది." డాక్టరు నోటికి కట్టుకున్న మాస్కు తీయకుండానే బావుందన్నాడు. అమ్మ ఫోనులో ఫొటో తెరుచుకోకముందే బావుందంది. అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన్ను పరీక్షించాలని ఒకసారి ఉత్త తెల్ల అట్టను రెండుగా మడిచి చేతికిస్తే, అటూ ఇటూ తిప్పి, "చాలా బావుందిరా చిట్టీ, ఓపిక కావాలి," అన్నాడు. ఆ రోజు నవ్వింది గానీ, తర్వాత ఆ సంగతి ముల్లులా గుచ్చుతూనే ఉంది. తెల్ల అట్టకూ తన ఏనుగుకూ ఒకే మార్కులైతే ఇన్ని సాయంత్రాలు దేనికి తగలేసినట్టు?

కాబట్టి ఆమె మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. తనెవరో తెలియని మనిషి, మొహమాటం లేని మనిషి, ఒక్కరంటే ఒక్కరు తన కార్డును కావాలని ఎంచుకుని కొనాలి. కొంటే సరే. లేదంటే పెట్టె అటకెక్కుతుంది, ఈ సరదాకి నీళ్ళొదిలేయడమే.

హాలు తలుపులు తెరిచేసరికి జనం బాగానే వచ్చారు. పిల్లల బొమ్మలవాళ్ళు, మట్టి కప్పులవాళ్ళు, సబ్బులవాళ్ళు, అందరి బల్లల చుట్టూ ఒకటే సందడి. చిట్టి ఎవరు ఇటు తిరిగినా లేచి నిలబడుతోంది.

"కూర్చోవే, దడ పుట్టిస్తున్నావు. ప్యాసింజర్లు వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతారు," అంది వదిన.

ఎక్కారు, వదిన బస్సే ఎక్కారు. చారల సంచి పోయింది, పాత పరదాతో కుట్టిన పెద్ద సంచి పోయింది, జేబులున్న సంచి కోసం ఇద్దరు పట్టుబట్టారు. చిట్టి కార్డుల దగ్గర మాత్రం జనం ఆగేవాళ్ళు, ఒకటి తీసేవాళ్ళు, వెనక్కి తిప్పేవాళ్ళు, ఆమె వైపు చూసి చిరునవ్వు నవ్వేవాళ్ళు. "బావుందండీ," అని మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా చిట్టికి ఒళ్ళు మండింది. అంత బావుంటే కొనవచ్చుగా అని ఆమె పైకి అనలేదు గానీ, ముఖం ఆ పని చేసిపెట్టింది.

మధ్యాహ్నానికి కాస్త ముందు గాలి తిరిగింది. బొద్దుమీసాల మనిషి ఒకడు వచ్చి, పెద్దగా చూడకుండానే ఒక కార్డు తీసుకుని డబ్బిచ్చి వెళ్ళాడు. చిట్టికి రెక్కలొచ్చాయి. నిజంగానే వదిన చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి ఎగిరింది. అతని వెనకే ఒక పొడుగాటి అమ్మాయి ఒకటి కొంది. ఆ తర్వాత ఒక పెద్దాయన ఏనుగు కార్డును తలకిందులుగా పట్టుకుని, "చాలా బావుంది," అని అదే కొన్నాడు. చిట్టికి ఎక్కడో చిన్న అనుమానం కలిగింది. ఆనందం దాన్ని పక్కకు నెట్టేసింది.

నాలుగో మనిషి వచ్చాడు. ముందు బల్లల వరసంతా వెతుక్కుంటూ వచ్చి, చిట్టి ముందు నిలబడి రహస్యంగా అడిగాడు.

"బస్సు అక్కయ్య గారి మరదలు మీరేనా అండీ? కార్డు కొనాలట. ఏదైనా పర్లేదు."

అతని ప్యాంటు డిపో యూనిఫారం ప్యాంటు. వదిన హఠాత్తుగా సంచుల కట్ట సర్దడంలో మునిగిపోయింది.

అతను వెళ్ళేదాకా చిట్టి ఓపిక పట్టింది. తర్వాత పట్టలేదు.

"ఎంతమందిని పంపావు వదినా?"

"ఎవరిని?"

"ఆ మీసాలాయన్ని. ఆ పొడుగమ్మాయిని. ఏనుగుని తలకిందులుగా పట్టుకున్నాయన్ని."

వదిన అబద్ధం ఆడదు. ఆడినా నిలబెట్టుకోవడం రాదు. "నువ్వు పొద్దున్నుంచి ముఖం వేలాడేసుకుని కూర్చుంటే చూడలేకపోయానే. డిపోకి ఫోన్ చేశాను. తప్పేముంది?"

"నాకు కావాల్సింది నన్ను ఎరగని మనిషి. నువ్వు ఊరి డిపో అంతా తెచ్చి నిలబెడితే నాకెలా తెలుస్తుంది, నా పని పనికొస్తుందో లేదో? ఇక మాట్లాడకు నాతో."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్ని బల్లల మధ్య, అంత వెలుతురులో ఏడవడం నామోషీ అనిపించి, ఆమె వంగి కింద పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. పెట్టెలో కత్తెర, జిగురు, పాత కవర్లతో పాటు ఉన్నవి అటక మీదికి పోబోయే కార్డులే.

ఆమె ఇంకా తలెత్తకముందే పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఈ సంచి కుట్టిందెవరండీ?"

మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడేసుకున్న పెద్దావిడ. చేతిలో పొద్దున వదిన దగ్గర కొన్న ఆకుపచ్చ సంచి ఉంది.

"నేనేనండీ," అంది వదిన, పొగడ్త రాబోతోందనుకుని సర్దుకుని కూర్చుంటూ.

"లోపల కాగితాలు పెట్టి కుట్టారా? పట్టుకుంటే కరకరలాడుతోంది. కింద పెడితే ఓ పక్కకి ఒరిగిపోతోంది. రేపు ఉతికితే నా గతేంటి?"

"నా సంచిలో కాగితాలా? పైన గుడ్డ, లోపల అస్తరు. అంతకుమించి ఏదైనా ఉంటే నేను మిషను ముట్టుకోను," అని వదిన రోషంగా సంచి లాక్కుని నొక్కింది. సంచి కరకరలాడింది. వదిన ముఖం రంగు మారింది. "చిట్టీ, ఓసారి చెయ్యి పెట్టి చూడు."

మాట్లాడనన్న మనిషి మాట్లాడకుండానే చెయ్యి పెట్టింది. గుడ్డ కింద గట్టిగా, పలకలా, ఒక అంచున మడతతో ఏదో తగిలింది. ఆ మడతను ఆమె కళ్ళు మూసుకుని కూడా పోల్చుకోగలదు.

"కార్డు," అంది.

జరిగిందేమిటో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఒకటే బల్ల, చెరి సగం. జిగురు ఆరడానికి చిట్టి పెట్టిన కార్డు ఒకటి సరిహద్దు దాటి, వదిన పరిచిన అస్తరు మీదికి జారింది. వదిన చూసుకోకుండా దాని మీద పైగుడ్డ వేసి, బస్సు పోనిచ్చినట్టు మిషను పోనిచ్చింది. సూది కింద టకటకమన్నా ఆవిడ ఆపి ఉండదు. అలాంటి కార్డులు చిట్టి నాలుగైదు చేసింది కాబట్టి ఒకటి తగ్గిన సంగతే తెలియలేదు.

వదిన కుట్లు విప్పే పుల్ల తీసి అస్తరు అంచు విప్పింది. రెండు వేళ్ళు దూర్చి కార్డు బయటికి లాగింది. అంచు పొడుగునా సూది పోట్లు, ఇంకా వేలాడుతున్న ఆకుపచ్చ దారం. చిట్టి అందుకునేలోగా పెద్దావిడ అందుకుని, కళ్ళజోడు పెట్టుకుంది.

కార్డు మీద వాన. కవర్ల నీలం గీతలు ఏటవాలుగా కురుస్తున్నాయి. మధ్యలో ఒక గొడుగు, దాని కింద వెనకనుంచి కనిపిస్తున్న ఇద్దరు మనుషులు.

ఆవిడ చూస్తూనే ఉంది. బావుందండీ అని పెట్టేసి పోయేవాళ్ళు చూసేంతసేపు కాదు.

"ఇది తప్పండీ," అంది చివరికి పెద్దావిడ.

"ఏది?"

"ఒక గొడుగు, ఇద్దరు మనుషులు. ఒకళ్ళ భుజం తడిసి తీరాలి. మీరు ఇద్దర్నీ పొడిగా నిలబెట్టారు. అలా ఎక్కడైనా జరుగుతుందా?"

చిట్టికి ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత కార్డు వైపు చూసింది. నిజమే. వాన గొడుగు దాకా వచ్చి, బుద్ధిమంతురాలిలా పక్కకు తప్పుకుని పోతోంది. తనే కత్తిరించింది, తనే అతికించింది, తనకే కనిపించలేదు.

"ఎవరిది తడవాలంటారు?" అని అడిగింది.

"పట్టుకున్నవాళ్ళది. ఎప్పుడూ వాళ్ళదే తడుస్తుంది. పక్కవాళ్ళకి తెలియను కూడా తెలియదు." ఆవిడ కార్డు మీది గొడుగును వేలితో చూపింది. "మా చెల్లెల్ని బడికి నేనే తీసుకెళ్ళేదాన్ని. నీకెప్పుడూ జలుబేనేంటక్కా అని వెక్కిరించేది. ఇప్పుడు దానికి మనవలు, ఇంకా అదే మాట. ఈ భుజం తడిపి ఇవ్వండి, దానికి పంపుతాను."

చిట్టి కార్డు చేతిలోకి తీసుకుంది. అయినా అడగకుండా ఉండలేకపోయింది. "మిమ్మల్ని మా వదిన పంపలేదు కదండీ?"

"మీ వదిన ఎవరు?"

"నేనేనండీ," అంది వదిన, విప్పిన సంచి ఒళ్ళో పెట్టుకుని. "కాగితాల సంచి కుట్టినదాన్ని."

ఇక చిట్టికి ఆగే ఓపిక లేదు. పెట్టెలోంచి గోళ్ళ కత్తెర తీసింది, ముదురు గీతలున్న కవరు వెతికింది. మొదటి ముక్క వంకరగా తెగింది, పారేసింది. రెండోది తెగాల్సినట్టు తెగింది. గొడుగు పట్టుకున్న మనిషి భుజం మీద అతికించి ఆవిడకు చూపించింది.

"ఇంకొంచెం. మోచేతిదాకా రావాలి."

మోచేతిదాకా తెచ్చింది. చేతి చివర ఒక చుక్క కూడా పెట్టింది, అది ఆవిడ అడగలేదు. పెద్దావిడ ఆ చుక్కను చూసింది, తల ఊపింది. సూది పోట్ల ఊసెత్తలేదు. ఈలోగా వదిన చేత్తో అస్తరు కుట్టేసింది. పెద్దావిడ కార్డుకు డబ్బిచ్చి, జిగురు అంటకుండా పట్టుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బావుంది అన్న మాట ఆవిడ నోట రాలేదు.

చిట్టి చాలాసేపు ఆవిడ వెళ్ళినవైపే చూసింది. వదినతో మాట్లాడనన్న సంగతి గాలికి పోయింది.

"వదినా, ఆవిడ నా కార్డుకి వంక పెట్టింది."

"విన్నాను. నా సంచికీ పెట్టింది. నేను నీలా వెలిగిపోతున్నానా?"

"నీకు అర్థం కాదు. అంతసేపు చూసింది వదినా. చూడకపోతే భుజం పొడిగా ఉందని ఎలా తెలుస్తుంది?" చిట్టి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, ఏది ముందు చెయ్యాలో ఆమెకే తెలియడం లేదు. ఇంత సంతోషం ఆమె ఈ మధ్యకాలంలో ఎరగదు.

వదిన పొద్దున్నుంచి మరదలు ముట్టని సీసా మూత తీసి, నీళ్ళు ఆమె చేతికిచ్చింది.

అప్పుడే ఒక కుర్రజంట బల్ల దగ్గర ఆగింది. అమ్మాయి మిగిలిన గొడుగు కార్డుల్లో పైది తీసి, "చూడు, ఎంత బావుందో. ఇది తీసుకుందామా?" అంది. ఈసారి తను పంపలేదన్నట్టు వదిన రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

చిట్టి అటు చూడనైనా చూడలేదు. ఆ అమ్మాయి చేతిలోంచి కార్డును మెల్లగా తీసుకుని, కత్తెర అందుకుంది.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. ఇది ఇంకా తడవలేదు," అని తల వంచి పనిలో పడింది.