రెండో విడత మందు

చెదల మందు కొట్టేవాడి దృష్టిలో లోకమంతా వెధవలే. మందు కొట్టిన వారానికే "పోయాయిగా, ఇంక రెండో విడతెందుకు?" అనే ఇంటివాళ్లంటే అతనికి మరీ ఒళ్లుమంట. "పోలేదండీ, నక్కాయి" అని మొహం మీదే అనేసి, బీరువా తలుపుకు ఎర్రక్షరాల చీటీ అంటించి వచ్చేవాడు: సగంలో ఆపితే పూచీ మాది కాదు.

అంతటి మేధావి కడుపులో కణితి తేలింది. క్యాన్సరే, కాకపోతే నింపాదిగా పెరిగే రకం. కడుపులో కాపురం పెట్టిన ఒక సూక్ష్మక్రిమే దాన్ని పెంచి పోషిస్తోందనీ, ముందు క్రిమిని చంపితే చాలామందికి కణితి దానంతటదే కరిగిపోతుందనీ చెప్పి, డాక్టరమ్మ పద్నాలుగు రోజులకు మాత్రలు రాసింది.

"క్యాన్సర్‌కి మాత్రలట! ఏనుగు దాహానికి చూరునీళ్లు!" అని దారిపొడుగునా భార్య దగ్గర వెటకారాలు పోయాడు.

ఐదోరోజుకు కడుపులో మంట తగ్గింది, మాత్రల వల్ల నోరంతా తుప్పు రుచి. ఇంకెందుకని మిగతా మాత్రలు పనిముట్ల పెట్టెలో పడేశాడు. భార్య అడిగితే "వేసుకుంటున్నాగా" అని కసిరాడు.

నెల పైన పరీక్ష చేస్తే క్రిమి దర్జాగా ఉంది.

"అన్నీ వేసుకున్నారా?" అంది డాక్టరమ్మ.

"మంట పోయిందిగా, ఇంకెందుకని..." ఆ మాట అతను ఎన్ని గడపల్లో విన్నాడో!

"చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకి మొండికేశాయి. ఈసారి వేరే మందులు. వీటికీ లొంగకపోతే రేడియేషన్ తప్పదు."

బయటికొచ్చాక భార్య విరుచుకుపడింది. "ఊళ్లోవాళ్ల తలుపులకున్న పూచీ మీ కడుపుకి లేదా? మీరు పోతే నేను ఎవరితో పోట్లాడాలి?" అంటూనే ఏడ్చేసింది. అప్పుడు భయమేసింది అతనికి, మొట్టమొదటిసారి.

ఇంటికి రాగానే ఆవిడ మాత్రల డబ్బాకు ఎర్రక్షరాల చీటీ అంటించింది. పద్నాలుగు రోజులూ పూటపూటా ఎదురుగా నిలబడి, మింగాక నోరు తెరిపించి మరీ చూసింది. మహానుభావుడు బుద్ధిగా నోరు తెరిచాడు.

ఆర్నెల్లకు కడుపులోకి గొట్టం వేసి చూశారు. "క్రిమి లేదు. కణితి కూడా కనబడటం లేదు," అంది డాక్టరమ్మ.

"హమ్మయ్య, పోయింది!" అంది భార్య కళ్లొత్తుకుంటూ.

"పోయిందని ఎవరన్నారే? కనబడటం లేదన్నారంతే," అని ఆవిడను కసిరి, అతను డాక్టరమ్మ వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారండీ?"