కూర్చునే చాప

గురువారం పొద్దున ఫాలెవావు ఊరి ఆరోగ్య కేంద్రంలో కుర్చీలు కనపడవు. ఉన్న నాలుగింటినీ నర్సు సియెని వెనక గదిలోకి నెట్టేసి తాళం వేస్తుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒకరి తర్వాత ఒకరు నేలమీద పరిచిన చాపమీద కూర్చుంటారు. నూటిరవై లెక్కపెట్టేదాకా కదలకూడదు, రోగం ముదిరినవాళ్ళకయితే అంతసేపూ పట్టదు. లేచాక కూర్చున్నచోట మచ్చ పడిందంటే సియెని స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకుంటుంది.

ఆ చాప వావోసా అల్లింది. మొగలి ఆకుతో చాపలు మా సవాయీ దీవిలో ఆడవాళ్ళందరూ అల్లుతారు గానీ, ఆవిడ అల్లినవాటికి మాత్రం కిడ్నీలు చెడ్డవాళ్ళ ఒళ్ళు తగిలితే మచ్చ పడుతుంది. వేలెడు మచ్చయితే ఐదారేళ్ళు ఢోకా లేదు, ఉప్పు తగ్గించి మాత్రలు మింగితే చాలు. బెత్తెడయితే ఏడాది తిరక్కుండా డయాలసిస్. పళ్ళెమంత పడిందా, పాస్టరుగారికి కబురు పెట్టుకోవడమే. ఎండలో వేస్తే మచ్చ సాయంత్రానికి పోతుంది, మనిషికున్నది మాత్రం పోదు.

రాజధాని ఆపియాలో పెద్ద డాక్టరుకి ఇదంతా తెలుసు. అయినా రక్తం పంపు, మూత్రం పంపు అంటూ సియెని ప్రాణం తీస్తాడు.

"డాక్టరుగారూ, రక్తంలో క్రియాటినిన్ ఇవాళెలా ఉందో చెప్తుంది. మూత్రంలో ప్రోటీను రేపటి సంగతి కాస్తో కూస్తో చెప్తుంది. చాప వచ్చే ఏడాది సంగతి చెప్తోంది కదండీ!" అని ఫోన్లో దెబ్బలాడుతుంది సియెని.

"నాకు తెలీదా తల్లీ, మా అమ్మదీ సవాయీయే. కానీ ఫారంలో చాపకి గడి లేదు, నన్నేం చెయ్యమంటావు?" అంటాడాయన.

పోయిన నెల వావోసా మొగుడికి పళ్ళెమంత మచ్చ పడింది. పదకొండో రోజున పోయాడు. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి పంచడంతో ఆవిడ ఇంట్లో ఉన్న సన్న చాపలన్నీ అయిపోయాయి. సన్న చాపంటే కూర్చునేది కాదు. పట్టులా జారుతుంది, ఏడాదిపాటు అల్లాలి, పెళ్ళికో చావుకో చేతుల్లో పెట్టి ఇస్తారు. దానిమీద ఎవడైనా కూర్చున్నాడంటే ఆ కుటుంబం పరువు పోయినట్టే.

ఇక శనివారం క్రికెట్టు దగ్గర జరిగిన ఘోరం చెప్పాలి. మా కిరికిటి ఆటకి బ్యాటు మూడు పలకలుగా, మనిషి భుజమెత్తు ఉంటుంది. గట్టి చెట్టు మాను. వావోసా ఇంట్లోనే ఉండే ఆవిడ మేనల్లుడు పులోటు బ్యాటింగు చేస్తున్నాడు. అవతలి జట్టులో సౌఫోయి బంతి వేస్తున్నాడు. ఇద్దరూ ఒకే పడవలో చేపలకి వెళ్ళేవాళ్ళే. సౌఫోయికి నోటి దురద ఎక్కువ, ఆట మొదలైనప్పట్నుంచీ వాగుతూనే ఉన్నాడు.

"ఏరా పులోటూ, చెయ్యి వణుకుతోందేంరా? మీ అత్త చాపమీద కూర్చోబెట్టిందా? ఆ ముసల్ది ఆకులో చావు కలిపి అల్లుతుందిరా! సొంత మొగుణ్ణే మింగింది!"

జనం నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. పులోటు రెండు చేతులా బ్యాటెత్తి ఒక్కటే దెబ్బ వేశాడు. చెవి పైన తగిలింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు గట్టుమీద కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది. సౌఫోయి అలిసిపోయినవాడిలా మెల్లగా కూలబడ్డాడు, చెవిలోంచి నెత్తురు మెడమీదకి దిగింది, లారీ ఎక్కించేలోగానే పోయాడు. పులోటు బ్యాటు పారేసి, "లేరా, లేవరా బాబూ!" అంటూ చచ్చినవాడి చెంపలు వాయిస్తూ ఉండిపోయాడు.

సాయంత్రానికి సౌఫోయి అన్న పెనియేలి వచ్చాడు. వెనకాల పదిహేనుమంది, చేతుల్లో కొబ్బరి తోట కత్తులు. వావోసా ఇంటికి నిప్పు పెట్టారు. దొడ్లో ఉన్న ఏడు పందుల్నీ నరికారు. సగం చచ్చిన పందులు మంటలోకే పరిగెత్తాయి. అడ్డమొచ్చిన పులోటు తమ్ముణ్ణి జుట్టు పట్టి ఈడ్చి రాయికేసి కొడితే నాలుగు పళ్ళు రాలాయి.

"వాణ్ణి దాచండి, దాచుకోండి! పొద్దున ప్రార్థన గంట కొట్టేలోగా వాడు నా ముందుండాలి. లేకపోతే ఈ వాడలో ఇల్లన్నది మిగలదు!" అని అరిచి వెళ్ళాడు పెనియేలి.

పోలీసులు వచ్చారు. ఊరి పెద్దలు మర్నాడు పొద్దున దాకా గడువడిగితే సరేనన్నారు. ఇలాంటప్పుడు మాకున్నది ఒకటే దారి, ఇఫోగా. తప్పు చేసిన ఇంటివాళ్ళు తెల్లవారుజామున వెళ్ళి, నెత్తిన సన్న చాప కప్పుకుని, చచ్చినవాడి ఇంటిముందు మోకాళ్ళమీద కూర్చోవాలి. ఆ ఇంటివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే నరికినా అడిగేవాడు లేడు.

సన్న చాప ఎక్కడుంది? ఉన్నవన్నీ పంచేశారు, సగం అల్లింది ఇంటితోపాటు తగలబడింది. ఆపియా చుట్టాల దగ్గర తెద్దామంటే పడవ సోమవారం గానీ లేదు. వావోసా మసిబారిన మొహంతో, పులోటుని వెంటబెట్టుకుని తిన్నగా ఆరోగ్య కేంద్రానికి వచ్చి, చుట్టి గోడకి ఆనించిన చాప చంకన పెట్టుకుంది.

సియెని లబోదిబోమంది. "అత్తా, నీకేమైనా మతిపోయిందా! అది నేల చాప! ఊళ్ళో అందరి పిర్రలూ దానిమీదే ఆనాయి. అది కప్పుకెళ్తే క్షమించడం అటుంచు, అక్కడే కోసిపారేస్తారు!"

"ఉత్త నెత్తితో వెళ్తే ముద్దు పెట్టుకుంటారా?" అంది వావోసా. "నా చేత్తో అల్లిందేగా. పద పులోటూ."

ఆ తెలివి మా ఊరివాళ్ళకే తడుతుంది, ఏం చెప్పను.

తెల్లవారకముందే సౌఫోయి ఇంటిముందు వాళ్ళిద్దరూ ఒకే చాప కింద దూరి కూర్చున్నారు. పులోటుకి చొక్కా లేదు, చెమట పట్టిన వీపుకి చాప అంటుకుపోయింది. బాగా వెలుగొచ్చేదాకా రెండు గంటలు అలాగే. ఇంట్లో సౌఫోయి శవం దగ్గర ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. వీధి పొడుగునా జనం. సియెని కూడా గాజుగుడ్డలు పట్టుకుని నిలబడింది, ఎవరికి కట్టాల్సొస్తుందో తెలీదు.

పెనియేలి కత్తి పట్టుకుని బయటికొచ్చాడు. చాప చూశాడు, ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా ఊగిపోయింది.

"కూర్చునే చాపా? నా తమ్ముడి ప్రాణానికి పిర్రల కింద వేసుకునే చాపా?"

మొదటి వేటు చాపలోంచి పులోటు భుజంలో దిగింది. పులోటు మూలిగాడే గానీ లేవలేదు. వావోసా మేనల్లుడిమీద పడబోతే పెనియేలి ఆవిణ్ణి కాలితో తన్ని అవతల పడేశాడు. చాపమీదుగానే పులోటు వీపుమీద మోకాలు అదిమి, ఎడంచేత్తో మెడ వంచి, మళ్ళీ కత్తెత్తాడు.

అప్పుడే మోకాలి కింద మచ్చ లేచింది.

ముందు వేలెడు. చుట్టూ పాకింది. జనమంతా మెడలు సాచారు. అందరికీ అది చదవడం వచ్చు మరి.

"బెత్తెడు," అంది సియెని. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే అనేసింది.

పెనియేలి కత్తి గాల్లోనే ఆగింది. గురువారాల్లో వాడెప్పుడూ ఆరోగ్య కేంద్రం ఛాయలకి రాలేదు. ముసల్దాని దగ్గర చావు తేదీ అడుక్కునే ఖర్మ తనకి పట్టలేదనేవాడు. ఈ మధ్య సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బేవి, పడవ లాగితే ఆయాసమొచ్చేది. తల్లికి కూడా చెప్పలేదు.

"వీడిది! ఈ మచ్చ వీడిది!" అని అరిచాడు.

"రెండు గంటలుగా వాడి ఒళ్ళు దానికే అంటుకునుంది పెనియేలీ," అంది సియెని. "చూడు, నెత్తురు తప్ప ఎక్కడైనా మరకుందా? నీ మోకాలున్నచోటే ఉంది."

పెనియేలి మోకాలు తీశాడు. నల్లగా, గుండ్రంగా ఉంది. పక్కన చెయ్యి ఆనించి చూశాడు. అక్కడా లేచింది.

ఇంట్లోంచి తల్లి లెఫావు దిగొచ్చింది. సౌఫోయిని కడిగిన నీళ్ళు ఆవిడ చేతులకి ఇంకా తడిగానే ఉన్నాయి. మచ్చ చూసింది, కొడుకు ఉబ్బిన పాదాలు చూసింది. కొడుకు చేతిలోంచి కత్తి తీసి పారేసింది. వంగి చాప ఎత్తింది.

జనంలో ఊపిరి పీల్చిన చప్పుడు. చాప తీసిందంటే క్షమించినట్టే కదా! కానీ లెఫావు పులోటు జుట్టు పట్టుకుని మొహం పైకి లేపింది.

"ఒకణ్ణి చంపావు. రెండోవాణ్ణి రోగం తినేస్తోంది. నాకు మీ చాపలొద్దు, పందులొద్దు. నీ కిడ్నీ కావాలి."

"రెండూ తీసుకో అమ్మా," అన్నాడు పులోటు. ఏడుస్తున్నాడు.

"ఒకటి చాలు. రెండోదాంతో బతుకు. నా కొడుకుని చంపినవాడు అంత సులువుగా పోతే నేనొప్పుకోను."

"అమ్మా, రక్తాలు కలవాలి, పరీక్షలుంటాయి..." అంటూ సియెని గాయానికి గుడ్డ అదుముతోంది.

"నిన్నట్నుంచీ ఈ నేలమీద కలుస్తూనే ఉన్నాయి కదే!" అని కేక పెట్టింది లెఫావు. అప్పుడు కూలబడి గుండెలు బాదుకుంది.

రక్తాలు కలిశాయి. కోర్టు పులోటుకి ఆరేళ్ళు వేసింది. జైలుకి పోయేముందే పోలీసుల కాపలాలో వాణ్ణీ, పెనియేలినీ ఆపరేషనుకి విమానంలో ఆక్లాండు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు మంచాలూ ఒకే వార్డులో వేసినా, పెనియేలి తొమ్మిది రోజులూ గోడవైపే తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నెలకోసారి పడవెక్కి జైలుకి వెళ్తాడు. ఉడకబెట్టిన చేమదుంపలు, ఉప్పు వెయ్యని చేప ఆకులో చుట్టి పట్టుకెళ్తాడు. పలకరింపూ గిలకరింపూ ఏమీ ఉండవు. మొన్న వెళ్ళేసరికి పులోటు పక్క ఖైదీ ఇచ్చిన డబ్బా మాంసం తింటున్నాడు. పెనియేలి ఊచల్లోంచి చెయ్యి పెట్టి డబ్బా లాక్కుని గోడకేసి కొట్టాడు.

"బుద్ధుందా వెధవా! అంత ఉప్పు! నీకున్నది ఒక్కటేరా! ఇంకోసారి ఇది ముట్టుకున్నావంటే నరికి పారేస్తాను!"

పులోటు మూతి తుడుచుకుని చేప పొట్లం విప్పాడు. వాడు ముళ్ళు తీసుకుని మొత్తం తినేదాకా పెనియేలి అక్కడే నిలబడ్డాడు.