పన్నెండేళ్ల మూపురం

నేను ఒక రిసీవర్‌ని. అనంతపురం అవతల గుట్ట మీద, పెద్ద రేడియో డిష్‌కు ఎదురుగా నాలుగు బోల్టుల మీద నిలిచిన డబ్బాని. నన్ను తయారుచేసింది టెక్నీషియన్ ఓబులేసు, నాతో ఆకాశాన్ని విన్నది డాక్టర్ హైమవతి.

సూర్యుడిలాంటి నక్షత్రం చనిపోతూ వదిలే వాయుమేఘాన్ని గ్రహ నీహారిక అంటారు. దానికీ గ్రహాలకీ ఏ సంబంధమూ లేదు. మనుషులు తొందరపడి పేరు పెట్టేస్తారు, తర్వాత మార్చడానికి మొహమాటపడతారు. అలాంటి ఒక మేఘంలో తేలిక రకం హీలియం ఎంతుందో కొలవాలని హైమవతి పట్టుబట్టింది. దాని సంకేతం ఎంత సన్నమంటే, వందకు పైగా రాత్రుల కొలతలు కూడితే తప్ప కనబడదు. డిష్ ఏటా కొన్ని రాత్రులే దొరికేది కాబట్టి ఆమె పన్నెండేళ్లు కూడింది. చివరికి తెర మీది గీతలో చిన్న మూపురం లేచింది. ఆ రోజు ఆమె కుర్చీలో కూర్చునే ఏడ్చింది.

కొలతలు చెదరకూడదని మొదటి ఏడాది నుంచీ నా బోల్టుల జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు. ఏటా ఆయుధపూజకు ఓబులేసు నిచ్చెనెక్కి, నా మూతకు బొట్టు పెట్టి దిగిపోయేవాడు.

ఆమె రిటైర్మెంటుకు రెండేళ్లున్నాయనగా, ఆ మూపురం మీద వ్యాసం రాయడం పూర్తవుతుండగా, పూజకని తుడవబోయిన ఓబులేసుకు బోల్టులు తుప్పుపట్టి కనిపించాయి. వాటిని మార్చి, నా కింద వేలిమందం రబ్బరు ముక్క వేసి బిగించాడు. వ్యాసం పంపేముందు సరిచూసుకోవాలని ఆమె డిష్‌ను రోజూ ఇప్పించుకుంది; ఆ ఆర్నెల్ల కొలతలు కూడితే మూపురం ఉండాల్సిన చోట గుంట పడింది.

"ఏం చేశావు ఓబులేసూ?"

"బోల్టులు మార్చి రబ్బరు ఏసినా మేడమ్. వేలంత ఎత్తు పెరిగింటాది, అంతే."

రబ్బరు తీయించింది. ఇంకో ఆర్నెల్లకు మూపురం మళ్లీ లేచింది. మేఘం పంపిన సంకేతమైతే నేను వేలంత జరిగినందుకు కదలదు. అది డిష్‌కూ నాకూ మధ్య కొట్టుకుంటున్న అల, మా మధ్య దూరం మారితే తిరగబడుతుంది. నా ప్రతిధ్వని.

కొండను తవ్వి ఎలుకను పట్టారని మనుషులు ఎగతాళి చేస్తారు. ఆమెకు ఎలుక కూడా దక్కలేదు.

"నేను ముట్టుకోకుండా ఉండాల్సింది మేడమ్," అన్నాడు ఓబులేసు తలొంచుకుని.

"కాదు. మొదటి ఏడాదే కదిపి చూడాల్సింది. కదపొద్దన్నది నేనే."

వ్యాసం చించేసి, ఏమీ మిగలకుండానే రిటైరైంది. నన్ను విప్పి స్టోరు గదిలో పడేశారు. పాత బొట్టు ఇంకా నా మూత మీదే ఉంది. అప్పుడు నాకు నోరుంటే ఒక్క మాట చెప్పేవాణ్ణి. ఆ మేఘం ఏదైనా చెప్పిందో లేదో నాకూ తెలియదు. ఆమె చెవిపెట్టి విన్న పన్నెండేళ్లూ మాట్లాడింది నేనే.